ఇంకాస్త పట్టు

ఆ ఎండాకాలమంతా పెద్దసారు అడిగిందల్లా కాదనకుండా చేసిపెట్టాను. ఆయన మీద పగ తీర్చుకోవడానికి అంతకంటే మంచి దారి నాకు దొరకలేదు.

మాది కొత్త మందులు కనిపెట్టే ల్యాబ్. పెద్దసారు దాని డైరెక్టరు. మాత్ర లోపల ఉండాల్సిన అణువు ఎలా ఉండాలో బొమ్మ గీసుకుని, గాజు కుప్పెల్లో తయారుచేసి, పొడిగా తీసి, అది పనిచేస్తుందో లేదో చూస్తాం. అప్పుడు మేం వెతుకుతున్నది పసిపిల్లల మూర్ఛకి మందు. మెదడులో ఒక ప్రొటీన్ ఉంది. దాని ఒంట్లో చిన్న గుంట ఉంది. ఆ గుంటలోకి వెళ్ళి కూర్చుని, దాన్ని గట్టిగా పట్టుకునే అణువు కావాలి. అక్కా నేనూ ఇద్దరం అక్కడే పనిచేసేవాళ్ళం, పక్కపక్క బల్లల దగ్గర. అంతకు ముందు చలికాలం దాకా.

చలికాలంలో జరిగింది ఇదీ. పట్టు ఇంకాస్త పెరగాలని, అణువు చివర క్లోరిన్లు తగిలించిన ఓ పెద్ద వలయం పెట్టమన్నారు పెద్దసారు. అక్క వద్దంది. "జిడ్డు పెరుగుతుంది సార్. జిడ్డుగా ఉన్నది మనకి కావాల్సిన గుంట ఒక్కదాన్నే పట్టుకోదు. ఎక్కడ పడితే అక్కడ అతుక్కుంటుంది" అంది. ఆయన వినలేదు. అక్క చేసి ఇచ్చింది. సూదిమందు ఇచ్చిన ఎలుకలు ఇచ్చినట్టే పడి చచ్చాయి. అందరూ కూర్చున్న సమావేశంలో, అక్క మొహం కూడా చూడకుండా పెద్దసారు అన్న మాట ఇది: "అణువులో తప్పు లేదు. తప్పు చేసిన చేతుల్లో ఉంది. సరుకు మురికిగా ఉంది."

మా వృత్తిలో అంతకన్నా పెద్ద తిట్టు లేదు. ఆ పొడి ఎంత శుభ్రంగా ఉందో నాకు తెలుసు. లేవబోయాను. బల్ల కింద అక్క నా మోచెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది, ఇంట్లో ఒకరికైనా ఉద్యోగం మిగలాలని. వారం తిరక్కుండా అక్కని తీసేశారు. ఆ మాట ఊరంతా పాకింది. మురికి చేతుల మనిషిని ఏ ల్యాబూ గడప తొక్కనివ్వలేదు.

నాన్న పోయాక మేం ముగ్గురమే, అమ్మా అక్కా నేనూ. ఓ మేడ మీద అద్దె వాటాలో ఉండేవాళ్ళం. ఉద్యోగం పోయాక అక్క ఇంటి పని మీద పడింది. కడిగిన గిన్నె మళ్ళీ కడిగేది. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురుకి పెట్టి చూసేది. మళ్ళీ తెచ్చి పంపు కింద పెట్టేది.

"గిన్నెల అడుగులు అరిగిపోతాయే తల్లీ" అనేది అమ్మ.

అక్క నవ్వేది కాదు, విసుక్కునేది కూడా కాదు. ఆ పంపు చప్పుడు వింటూ నేను హాల్లో కూర్చుని పళ్ళు నూరుకునేదాన్ని.

ఎండలు ముదురుతుండగా పెద్దసారు నన్ను తన గదికి పిలిచారు. మనిషి దిట్టంగా ఉంటాడు. గొంతు మెత్తన. ఎవరినైనా అమ్మా, నాన్నా అని పిలుస్తూనే నరుకుతాడు.

"మూర్ఛ మందు పని నీకిస్తున్నానమ్మా. మీ అక్కకి తెలివి ఉంది, వినయం లేదు. నువ్వు మాట వినే పిల్లవి. ఆ వలయం అలాగే ఉంచు. పట్టు మాత్రం ఇంకాస్త పెంచు."

అక్క చెప్పిన మందు నా నాలుక చివర ఉంది. ఆ వలయంలో క్లోరిన్లు పీకేసి, ఒక కార్బన్ బదులు నైట్రోజన్ పెడితే జిడ్డు తగ్గుతుంది. నీళ్ళలో కరుగుతుంది. ఇంకో వైపు ఒక మూల ఉంది, లివర్ ఆ మూల దగ్గరే కొరికి అణువుని ముక్కలు చేస్తుంది. అక్కడ ఒక ఫ్లోరిన్ పెడితే పళ్ళు దిగవు, మందు ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది. పట్టు కొంచెం తగ్గుతుంది, తగ్గితే తగ్గనీ. మందంటే పట్టొక్కటే కాదు. కరగాలి, చేరాలి, నిలవాలి, పని కాగానే మర్యాదగా బయటికి పోవాలి, దారిలో ఇంకెవరి జోలికీ పోకూడదు. మొదటి ఏడాది పిల్లలకి కూడా తెలిసిన సంగతే. కానీ పట్టుకి ఒక అంకె ఉంటుంది, అంకె గోడ మీది తెర మీద మెరుస్తుంది. పెద్దసారుకి ఆ మెరుపంటే ప్రాణం.

"అలాగే సార్" అన్నాను.

బయటికి వచ్చేటప్పటికి ఒళ్ళంతా తేలిగ్గా ఉంది. ఆయన్ని కింద పడెయ్యడానికి నేను చెయ్యి కూడా ఎత్తనక్కర్లేదు. ఆయన చెప్పినట్టు చేస్తే చాలు.

చేశాను. ఆయన క్లోరిన్ అంటే క్లోరిన్ పెట్టాను. ఆయన ఇంకో పరమాణువుల గుంపు అంటే ఇంకో గుంపు తగిలించాను. ఒక్కో అణువూ ముందుదానికంటే బరువుగా, జిడ్డుగా, గట్టిగా తయారైంది. గాజు పలకలో ప్రొటీన్ మీద వేస్తే జలగలా పట్టుకునేది. వారం వారం సమావేశంలో అంకె మెరిసేది. పెద్దసారు నా వెనక నిలబడి, "చూశారా, ఇదీ పనంటే" అనేవారు. నేను తల వంచుకుని నవ్వేదాన్ని. అంత తృప్తిగా నేను ఎప్పుడూ పనిచెయ్యలేదు. ఒక్క పొడి కూడా మురికిగా ఇవ్వలేదు. శుభ్రం విషయంలో వంక పెట్టడానికి ఆయనకి సందు ఇవ్వదలచుకోలేదు.

నా పొడులు జంతువుల మీద పరీక్షించే డాక్టరుని అందరూ నత్త అనేవాళ్ళు. నెమ్మది మనిషి, ఒకటికి రెండుసార్లు చూడనిదే దేన్నీ నమ్మడు. ఒకరోజు మధ్యాహ్నం సీసా పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"ఏంటమ్మా ఇది? మైనంలా ఉంది. నీళ్ళలో వేస్తే అడుగున కూర్చుని నన్ను వెక్కిరిస్తోంది."

"నోట్లో వెయ్యండి, ఎలుకలు బానే ఉంటాయి" అన్నాను.

"బానే ఉన్నాయి. ఎందుకుండవు? తిన్నది తిన్నట్టే బయటికి పోతోంది. ఒంట్లోకి ఎక్కితే కదా ఏదన్నా అయ్యేది." సీసా కింద పెట్టి గొంతు తగ్గించాడు. "మీ అక్క ఫ్లోరిన్ సంగతి చెప్పేది. నైట్రోజన్ సంగతీ చెప్పేది. నీకు తెలీదా?"

"ఆయన అడిగింది ఇదేనండి."

నత్త డాక్టరు నా మొహంలోకి చూస్తూ ఉండిపోయాడు. నేను చూపు తిప్పుకోలేదు. సీసా తీసుకుని వెళ్ళిపోయాడు.

ఇంట్లో అమ్మ కూడా కనిపెట్టింది. "ఈమధ్య నీ మొహం వెలుగుతోందే" అంది ఒక సాయంత్రం, ఆరిన బట్టలు మడతపెడుతూ. "ప్రేమా గీమా?"

"అలాంటిదే."

"ఆ వెలుగు నాకేం నచ్చట్లేదు. మీ నాన్న కోర్టులో దావా గెలిచే ముందు ఇలాగే ఉండేవాడు."

వంటింట్లోంచి అక్క అడిగింది. "మూర్ఛ మందు ఎంతదాకా వచ్చింది?"

"వస్తోంది."

"ఫ్లోరిన్ పెట్టి చూశారా?"

"ఇంకా లేదక్కా. వరసలో ఉంది."

నా లెక్క ఏమిటంటే, మనుషులకి ఇచ్చేలోపు ఏ మందుకైనా గుండె పరీక్ష తప్పదు. గుండె లయ తప్పకుండా కొట్టుకోవడానికి దాని కణాల గోడల్లో సన్నని దారులు ఉంటాయి. జిడ్డు అణువులకి ఆ దారుల్లో దూరి ఇరుక్కోవడమంటే మహా సరదా. చలికాలంలో ఎలుకల్ని చంపింది అదేనని అక్క అనేది. పరీక్ష దగ్గర ఈ మందు బోర్లా పడుతుంది, అప్పటికి పెద్దసారు ఊరందరికీ టముకు వేసి ఉంటారు, ఈసారి సరుకు శుభ్రం, చేతులు ఆయన మెచ్చుకున్న చేతులు. తప్పు వెయ్యడానికి ఆయన తలకాయ తప్ప ఇంకేమీ మిగలదు. అదీ నా ఎత్తు.

ఎండలు తగ్గుముఖం పట్టేవేళకి ఆయన నా ఎత్తుని దాటిపోయారు.

"పెద్ద కంపెనీ వాళ్ళు మన మందు కొంటామంటున్నారు" అన్నారు సమావేశంలో. "చూడ్డానికి వస్తున్నారు. ఆలస్యం చేస్తే వేరేవాళ్ళ దగ్గరికి పోతారు. ఎలుకలు నిక్షేపంలా ఉన్నాయి. గుండె పరీక్ష తరవాత చూసుకుందాం. వానలు పడేసరికి మనుషులకి ఇచ్చేద్దాం. నీళ్ళలో కరగట్లేదంటున్నారుగా, నూనెలో కరిగించి గొట్టం మాత్రలో పోసి ఇద్దాం. ఒంట్లోకి అదే ఎక్కుతుంది."

నూనెలో ఇస్తే నిజంగానే ఎక్కుతుంది. తిన్నగా ఎక్కుతుంది. ఎలుకలు బతికింది ఎందుకో ఆయనకి తెలీదు, నాకు తెలుసు. వానాకాలంలో ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి వచ్చి, సంతకం పెట్టి, నేను చేసిన దాన్ని మింగి మంచం మీద పడుకుంటాడు.

అప్పుడే ఆయన గదిలోకి వెళ్ళి చెప్పెయ్యొచ్చు. చెబితే ఏమవుతుందో కూడా నాకు తెలుసు. తలుపు వేసి, నా భుజం తట్టి, అక్క అణువుని నా చేత చేయించి, తెర మీద తన పేరుతో వేసుకుంటారు. అక్క మురికి చేతుల మనిషిగానే మిగిలిపోతుంది.

నత్త డాక్టరు గదికి వెళ్ళాను. "గుండె కణాల మీద ఇది వేసి చూడాలండి. ఎవరూ చెయ్యమనలేదు. వాళ్ళు వచ్చేలోగా కావాలి."

"నువ్వెందుకు అడుగుతున్నావో నేను అడగను. నువ్వూ చెప్పకు" అన్నాడు. అందరూ భోజనాలకి వెళ్ళినప్పుడు ఆ పని చేశాడు. రెండుసార్లు చేశాడు. నన్ను పిలిచి సూక్ష్మదర్శినిలో చూడమన్నాడు. పళ్ళెంలో గుండె కణాలు చిన్న చిన్నగా ఎగిసి పడుతున్నాయి. నా పొడి కరిగించిన నూనె చుక్క వేశాడు. ఎగరడం మందగించింది. తడబడింది. తరవాత ఏమీ లేదు.

"మూర్ఛ ఆగేంత మందు ఇస్తే గుండె కూడా ఆగుతుంది. రెంటికీ మధ్య ఎడమే లేదు" అన్నాడు నత్త డాక్టరు. "ఆయనకి నేను చెప్పనా?"

"నేను చెబుతాను."

కొనడానికి వచ్చినవాళ్ళలో ముఖ్యమైనది ఒక నెరిసిన జుట్టావిడ. తనూ మాలాగా కుప్పెల దగ్గర ఏళ్ళు గడిపిన మనిషేనని ఆవిడ వేళ్ళ మీది పాత మచ్చలు చూడగానే తెలిసింది. పెద్దసారు తెర మీద అంకెలు చూపిస్తుంటే ఆవిడ అంకెలు చూడకుండా అణువు బొమ్మనే చూస్తూ కూర్చుంది.

"నీళ్ళలో ఎంత కరుగుతుందండీ?"

"నూనెలో బ్రహ్మాండంగా కరుగుతుంది" అన్నారు పెద్దసారు నవ్వుతూ.

"మనుషుల్ని చేసింది ఎక్కువగా నీళ్ళతోనే కదండీ." ఆవిడ నవ్వలేదు. "చలికాలంలో ఎలుకలు పోయాయని విన్నాను."

"అది సరుకు మురికండీ. చేసినావిడని అప్పుడే పంపించేశాం. ఇది చూడండి, అద్దం! ఇదిగో, ఈ అమ్మాయి చేసింది. తమాషా ఏంటంటే, ఆవిడ చెల్లెలే. ఒకే కడుపున పుట్టినా చేతులు ఒకేలా ఉండవు చూడండి."

ఒకరిద్దరు నవ్వారు. నెరిసిన జుట్టావిడ నా వైపు తిరిగింది.

"మీరు చెప్పండమ్మా. గుండెని ఏం చేస్తుందిది?"

"ఆపేస్తుందండి" అన్నాను.

నత్త డాక్టరు లేచి, పళ్ళెంలో ఏం చూశాడో ఉన్నదున్నట్టు చెప్పి కూర్చున్నాడు. నేను కొనసాగించాను. "చలికాలంలో ఎలుకల్ని చంపింది కూడా మురికి కాదండి. ఈ వలయమే. మా అక్క ఇచ్చిన పొడి దీనంత శుభ్రంగానే ఉంది. ఈ వలయం వద్దని ముందే చెప్పింది."

"మరి ఏం పెడితే బాగుండేది?"

గోడకున్న రాత పలక దగ్గరికి వెళ్ళి గీశాను. క్లోరిన్లు తీసేశాను. నైట్రోజన్ పెట్టాను. మూలన ఫ్లోరిన్ పెట్టాను. ఎక్కడా చెయ్యి ఆగలేదు, ఒక్క గీత చెరపలేదు. ఎవరి ఆలోచన అని ఆవిడ అడిగితే, అక్కది అని చెప్పాను. వెనక్కి తిరిగేసరికి పెద్దసారు పలకని చూడట్లేదు. నా చేతిని చూస్తున్నారు. నేను దాన్ని ఇప్పుడు ఆలోచించి గియ్యలేదని ఆయనకి అర్థమైంది.

వచ్చినవాళ్ళు కార్లెక్కాక మెట్ల మలుపు దగ్గర ఆయన నన్ను ఆపారు.

"ఎప్పట్నించి తెలుసు నీకు?"

"మొదటి రోజునించీ తెలుసు సార్."

"చెప్పలేదేం?"

"మీరు పట్టు అడిగారు. ఇచ్చాను."

ఆయన మెట్ల కమ్మీ పట్టుకుని నిలబడిపోయారు. ఆ మొహాన్ని నేను తనివితీరా చూశాను. తరవాత నెమ్మదిగా, ఒక్కో మెట్టూ లెక్కపెట్టుకుంటున్నట్టు దిగి వచ్చేశాను. ఆ నెలలోనే యజమానులు ఆయన్ని సాగనంపారు. మనుషులకి ఇవ్వబోయింది గుండె పరీక్ష లేకుండానని బయటపడ్డాక ఏ ల్యాబూ ఆయన్ని రానివ్వలేదు. ఆ కబురు విన్నరోజు తాగిన కాఫీ రుచి నాకు ఇప్పటికీ గుర్తుంది.

కానీ సమావేశం జరిగిన రోజున మెట్లు దిగి తిన్నగా ఇంటికే పరిగెత్తాను. అక్కని కుర్చీలో కూర్చోబెట్టి మొత్తం చెప్పాను, మొదటి 'అలాగే సార్' నించి చివరి మెట్టు దాకా. అమ్మ మధ్యమధ్యలో చప్పట్లు కొట్టింది. "వాడి నోట్లో మన్ను పడ" అంది. "నా కూతురివే!" అంది.

అక్క అంతా విన్నాక అడిగింది. "వేసవంతా ఎన్ని అణువులు చేశావే?"

"ఆయన అడిగినన్ని."

"అందులో ఒక్కటీ మందయ్యేది లేదు."

"అవ్వకూడదనే కదక్కా చేసింది!"

"వేసవంతా ఆ ఫ్లోరిన్ నీ దగ్గరుంది. ఆ నైట్రోజన్ నీ దగ్గరుంది. పెట్టలేదు." అక్క గొంతు పెంచలేదు. "మూర్ఛొచ్చిన పిల్లని ఎప్పుడన్నా ఎత్తుకున్నావా? నేను ఎత్తుకున్నాను, ఆస్పత్రిలో. ఆ పిల్ల కోసం చెయ్యాల్సిన పని ఆపేసి, నాకోసం వాణ్ణి కొట్టావు. నేను నిన్ను అడిగానా?"

"నిన్ను మురికి చేతులన్నాడే వాడు!"

"నన్నన్నాడు. నిన్ను కాదు."

అమ్మ చప్పట్లు ఆగిపోయాయి. అక్క లేచి గదిలోకి వెళ్ళింది. తలుపు గట్టిగా వెయ్యలేదు. మామూలుగానే వేసుకుంది.

నెరిసిన జుట్టావిడ మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. మందు వాళ్ళు కొనుక్కున్నారు, అక్క అనుకున్న రూపంలో. అక్కని వాళ్ళ ఊరు రమ్మంది, ఆ పని మొత్తం నడిపించమంది. నత్త డాక్టరుకీ కబురు పెట్టారు. నేను కాఫీలు తెచ్చేసరికి ఆవిడ అక్కతో అంటోంది. "మీ చెల్లెల్ని కూడా పంపించండి. శుభ్రమైన చెయ్యి. నాకు కావాలి."

అక్క నా చేతిలోంచి కాఫీ అందుకుంది. "వద్దండి" అంది.

ఆవిడ మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

నెలన్నర దాకా మేం అవసరానికి తప్ప మాట్లాడుకోలేదు. వానలు మొదలయ్యాక అక్క ప్రయాణమైంది. బస్సు దగ్గరికి ముగ్గురం వెళ్ళాం. అమ్మ మంచినీళ్ళ సీసా కొనడానికి కొట్టు దగ్గరికి వెళ్ళినప్పుడు మేం ఇద్దరమే చూరు కింద నిలబడ్డాం. అక్క పెట్టె నేనే పట్టుకున్నాను.

"ఒకటి అడుగుతాను, నిజం చెప్పు" అంది అక్క. "రేపు ఇంకో ల్యాబ్‌లో, ఇంకొకడు, నన్నో అమ్మనో ఇలాగే అంటే ఏం చేస్తావు?"

అబద్ధం చెప్పొచ్చు. చెప్పుంటే నన్ను కూడా తీసుకెళ్ళేదేమో.

"అదే చేస్తాను" అన్నాను. "ఇంకాస్త బాగా చేస్తాను."

అక్క తల ఊపింది. కోపం లేదు. చెయ్యి చాపి నా జుట్టు మీది వాన చినుకులు తుడిచింది.

"తెలుసు. అందుకే వద్దన్నాను."

పెట్టె తీసుకుని బస్సెక్కింది. కిటికీ పక్క సీటు దొరికింది కానీ అద్దం మీద నీళ్ళు కారుతున్నాయి, మొహం సరిగ్గా కనబడలేదు. అమ్మ సీసా పట్టుకుని పరుగెత్తుకొచ్చి, కిటికీలోంచి అందించి, బస్సు మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపుతూనే ఉంది.

"ఏమందే నీతో?" అని అడిగింది తిరిగి వస్తూ. "ఏదో చాలాసేపు మాట్లాడుకున్నారు."

"జాగ్రత్తగా ఉండమంది" అన్నాను.